సిపాయి ఇంటికొచ్చాక

కామారెడ్డి



మీ తాత సంవత్సరీకం నాటికి ఆయన మీద ఒక చిన్న పుస్తకం అచ్చేయించి చుట్టాలకూ ఊరివాళ్లకూ పంచాలన్న నీ తలపు చాలా మంచిది, బిడ్డా. నువ్వు పంపిన అధ్యాయాల పట్టీ చదివాను. భర్తీ, శిక్షణ, 1971 యుద్ధం, సరిహద్దు పోస్టింగులు, పతకాలు. చివర్న ఎల్లారెడ్డి పక్క ఊరికి తిరిగొచ్చి వ్యవసాయం చేసుకున్నారని రెండు పేజీలు. ఈ కొలత తిరగెయ్యమని చెప్పడానికే రాస్తున్నాను. యుద్ధం తియ్యమనడం లేదు. ఇంటికొచ్చాక ఆయన బతికిన బతుకే పుస్తకానికి నడుమ భాగం కావాలంటున్నాను.

ఎందుకో విను. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి సుమారు 13 లక్షలమంది పనిచేశారు, ప్రాణాలు పోయినవాళ్లు దాదాపు 74 వేలు. రెండో యుద్ధంలో 25 లక్షలమంది చేరితే 87 వేలమంది పోయారు. అంటే సిపాయిల్లో అత్యధికులు తిరిగొచ్చినవాళ్లే. కానీ మన జ్ఞాపకం పోయినవాళ్ల చుట్టూనే అల్లుకుంది. 2019లో ఢిల్లీలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం మీద పాతిక వేలకు పైగా పేర్లున్నాయి, అవన్నీ అమరులవి. 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగిన కల్నల్ సంతోష్ బాబుకు ఏడాది తిరిగేసరికి సూర్యాపేటలో విగ్రహం నిలిచింది. అది న్యాయం, అలాగే ఉండాలి. తిరిగొచ్చినవాడికి మాత్రం రాయి లేదు, ఇంటివాళ్లు రాస్తేనే అతని జ్ఞాపకం ఉంటుంది. ఒక్క సంగతి గమనించు: మొదటి యుద్ధం తర్వాత ఆనాటి ప్రభుత్వం దేశంలో చాలా ఊళ్లలో పాతించిన చిన్న పాలరాతి పలకల మీద ఈ ఊరినుంచి ఎందరు యుద్ధానికి పోయారో ముందు చెక్కి, అందులో ఎందరు చనిపోయారో తర్వాత చెక్కారు. పరాయి పాలకులు కూడా యుద్ధానికి పోయిన ప్రతివాణ్నీ లెక్కలోకి తీసుకున్నారు. పేర్లు మాత్రం రాయలేదు. ఆ పని మనది.

ఇక ఆయుష్షు లెక్క. సిపాయి పదిహేనేళ్లు పనిచేస్తే పింఛనుకు అర్హుడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు చేరినవాడు నలభై నిండకముందే ఇల్లు చేరతాడు. డెబ్బై అయిదేళ్లు బతికితే యూనిఫాం వేసుకున్న కాలం కంటే విప్పిన తర్వాతి కాలం రెట్టింపు. దీనికి నువ్వొక అభ్యంతరం చెప్పొచ్చు: ఏళ్ల తరబడి ఇంట్లో లేని మనిషిని సంసారి అని ఎట్లా అంటాం? ఈ ప్రశ్నను దాటెయ్యకు, దీనిమీదే ఒక అధ్యాయం రాయి. జవానుకు ఏడాదికి అరవై రోజుల వార్షిక సెలవు, ముప్పై రోజుల క్యాజువల్ లీవు. అన్నీ దొరికినా పదిహేడేళ్ల నౌకరీలో ఇంట్లో ఉన్నది నాలుగేళ్ల పైచిలుకే. మిగతా కాలమంతా ఆ ఇంటిని నిలబెట్టింది ఎవరు? 56 ఏపీవో, 99 ఏపీవో అన్న సైనిక తపాలా చిరునామా తప్ప మొగుడు ఎక్కడున్నాడో తెలియని ఆడమనిషి. నాట్లు, కోతలు, పిల్లల బడి, అత్తమామల మందులు ఆమె మీదే పడ్డాయి. అందుకే మీ నాయినమ్మ లేకుండా మీ తాత బతుకు రాయలేవు. ఆయన సంసారి అవునో కాదో తేల్చేది సెలవుల లెక్క కాదు. పింఛను పుచ్చుకుని వచ్చాక ఆమె మోసిన బరువులో తన వంతు ఎంత ఎత్తుకున్నాడన్నదే తేలుస్తుంది. ముందు ఆమె దగ్గర కూర్చో. ఆమె మాటలు ఆమె మాటల్లోనే రాసుకో.

పొలం, చెరుకు, పిల్లల పెళ్లిళ్లు, ఇవెవరు చదువుతారంటావేమో. మన తావును చూసి చెప్పు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో గల్ఫుకు మనిషి పోని ఊరు దొరకడం కష్టం. ఏళ్ల తరబడి తండ్రి దూరంగా ఉండి, తిరిగొచ్చినప్పుడు పిల్లలకు కొత్తమనిషిలా కనబడటం ఇక్కడ ఇంటింటి సంగతి. వాళ్లకు పనికొచ్చేది యుద్ధం కథ కాదు. తిరిగొచ్చిన మనిషి మళ్లీ ఇంట్లో ఎట్లా ఇమిడాడు, పింఛను డబ్బు దేనికి పెట్టాడు, ఆజ్ఞలకు అలవాటైన గొంతు పిల్లలతో మాట్లాడేటప్పుడు ఎట్లా మారింది, ఇవే. 2022లో వచ్చిన అగ్నిపథ్ భర్తీ పథకంతో ఈ అవసరం ఇంకా పెరిగింది. నాలుగేళ్లు చేసినవాళ్లలో నాలుగోవంతుకు మించి ఉంచుకోరు, మిగతావాళ్లు పాతికేళ్ల లోపో, కాస్త దాటో పింఛను లేకుండా ఊరు చేరతారు. మన మండలాల పిల్లలు కూడా భర్తీ ర్యాలీలకు తెల్లవారుజామునే రోడ్ల మీద పరుగులు పెడుతున్నారు. తిరిగి రావడమెట్లాగో వాళ్లకు నేర్పే పుస్తకం నేనింతవరకు చూడలేదు.

ఇట్లా రాస్తే ఆయన సైనిక సేవ చిన్నబోతుందని మీ చిన్నాయనలు అనవచ్చు. చిన్నబోయేది అతిశయోక్తి వల్లే. కాబట్టి యుద్ధం పేజీలు తక్కువైనా గట్టిగా ఉండాలి. డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితం వెతికి తియ్యి. పతకాల మీద సాధారణంగా నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, భూతద్దం పెట్టి చూడు. 1971లో తూర్పున చేసినవాళ్లకు పూర్వీ స్టార్, పడమట చేసినవాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. రెండూ లేకుండా సంగ్రామ్ మెడల్ ఒక్కటే ఉంటే, ఆయన ఢాకా దాకా పోయాడన్న మాట రాసేముందు ఆగు. యుద్ధం జరిగినన్నాళ్లూ వెనకాల డిపోలో బండ్లు బాగుచేసినవాడి సేవ తక్కువేమీ కాదు. ఇంకా అనుమానముంటే ఆయన రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు రాయి. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో, బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగానిది సికింద్రాబాద్‌లోనే ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు అర్జీ ఎట్లా పెట్టాలో చెబుతారు.

ఆయనే ఏనాడూ చెప్పుకోలేదు కదా, మనం రాయడం తగునా అన్న సంకోచం నీ ఉత్తరంలో ఉంది. ఇది నిజంగా బరువైన మాట, తేలిగ్గా తీసెయ్యను. కొందరు చెప్పరు, చెబితే మళ్లీ అనుభవించాల్సి వస్తుందని. అలాంటిదాన్ని ఊహించి నింపకు. ఆయన చెప్పనిది చెప్పలేదనే రాయి. కానీ ఊళ్లో అందరి కళ్లముందు బతికిన నలభై ఏళ్లు దాచుకున్న రహస్యం కాదు. వాటిని రాయడంలో అపచారం లేదు. కోపం, మొండితనం, ఉంటే మందు అలవాటు కూడా అందులో భాగమే. కొడుకులు తీసెయ్యమంటారు, ఊరివాళ్లు ఎందుకంటారు. అచ్చుకిచ్చేముందు రాసిందంతా మీ నాయినమ్మకు చదివి వినిపించు. ఆమె తీసెయ్యమన్నది తీసెయ్యి, ఉంచమన్నది ఎవరు కాదన్నా ఉంచు.

ఆశీస్సులతో,
మీ సారు