బ్రేకు డిస్కు వంకర: కారణాలు, నివారణ

కోలారు బంగారు గనుల పట్టణం సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడి తెలుగు కుటుంబాలు బంధువుల ఇళ్లకో, తిరుపతి యాత్రకో కారులో బయలుదేరితే ముళబాగిలు, నంగిలి, పలమనేరు మీదుగా సాగి, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరుకుంటాయి. దిగుడు దారి పొడవునా భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. కొన్నాళ్లకు బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణికినా, పాదం కింద పెడల్ అదిరినా, డిస్కు వంకరపోయిందని మెకానిక్కు చెబుతాడు. కారణం తెలుసుకోకుండా డిస్కులు మార్పిస్తే డబ్బు ఖర్చవుతుంది. కొద్ది నెలలకే వణుకు తిరిగి వస్తుంది.

వణుకుకు మూలం

డిస్కు చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప బిళ్ల. ప్యాడ్లు దానిని రెండు వైపుల నుండి అదిమినప్పుడు కారు వేగం వేడిగా మారుతుంది. ఒకటిన్నర టన్నుల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే వెలువడే శక్తి, సుమారు నాలుగున్నర లీటర్ల నీటిని మరిగించడానికి సరిపోతుంది. అందులో ఇంజను, గాలి అడ్డుకోగా మిగిలినదంతా బ్రేకులే భరించాలి.

అయినప్పటికీ, చాలా సందర్భాలలో డిస్కు నిజంగా వంగిపోదు. దాని మందం అంతటా సమానంగా లేకపోవడమే వణుకుకు కారణం. మిల్లీమీటరులో వందో వంతు, రెండు వంతుల తేడా కూడా పాదానికి తెలుస్తుంది. ఈ తేడా ముఖ్యంగా మూడు విధాల ఏర్పడుతుంది.

మొదటిది, బాగా వేడెక్కిన బ్రేకును ఆగిన తరువాత కూడా గట్టిగా తొక్కి ఉంచడం. ప్యాడు పదార్థం ఒకే చోట డిస్కుకు అంటుకుంటుంది.

రెండవది, చక్రం నట్లను హెచ్చుతగ్గులుగా బిగించడం, లేదా హబ్ మీది తుప్పును తుడవకుండా డిస్కు అమర్చడం. అప్పుడు డిస్కు రవ్వంత ఒరిగి తిరుగుతుంది. బ్రేకు వేయకపోయినా ఒకే చోట ప్యాడుకు రాసుకుని అక్కడ అరుగుతుంది. పంక్చరు వేయించిన కొన్ని వారాల తరువాత వణుకు మొదలుకావడానికి ఇది ఒక కారణం.

మూడవది, క్యాలిపర్ పిన్నులు బిగుసుకుపోవడం. ప్యాడు డిస్కును వదలక నిరంతరం వేడి పుట్టిస్తుంది.

పాటించవలసినవి

ఘాట్ మొదలయ్యే ముందే రెండవ లేదా మూడవ గేరులోకి మారండి. వేగాన్ని ఇంజనే అదుపు చేస్తుంది. న్యూట్రల్‌లో ఎన్నడూ దిగవద్దు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచక, అవసరమైనప్పుడు దృఢంగా వేసి వదలండి. దిగిన వెంటనే డిస్కుల మీద చన్నీళ్లు పోయవద్దు.

చక్రం విప్పిన ప్రతిసారీ నట్లను ఎదురెదురుగా, టార్క్ రెంచితో, కారు పుస్తకంలో సూచించిన మేరకు బిగించమని కోరండి. కొత్త డిస్కు అమర్చే ముందు హబ్‌ను శుభ్రం చేయించి, అమర్చిన తరువాత డయల్ గేజితో ఒరుగుదలను పరీక్షింపజేయండి. లేతు మీద డిస్కును చదును చేయించదలిస్తే, దానిపై ముద్రించిన కనీస మందం కంటే తగ్గకుండా చూడండి. పలచబడిన డిస్కు మరింత త్వరగా వేడెక్కుతుంది.

బ్రేకు వేయనప్పుడు కూడా వణుకు ఉంటే ముందుగా టైర్లను, చక్రాల బ్యాలెన్సింగును చూపించండి. ఏబీఎస్ ఉన్న కారులో హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు పెడల్ అదరడం సహజం. భయపడి కాలు తీయవద్దు.

అశ్రద్ధ ఫలితం

వణుకు అసౌకర్యం మాత్రమే కాదు. అతిగా వేడెక్కితే బ్రేకు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పెడల్ నేలకు దిగినా కారు ఆగదు. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి. ఘాట్ మధ్యలో కాలుతున్న వాసన వచ్చినా, పెడల్ మెత్తబడినా, సురక్షితమైన చోట ఆగి బ్రేకులు చల్లారే వరకు వేచి ఉండండి. ఇంటికి అరగంట ఆలస్యంగా చేరినా నష్టం లేదు.