రెక్కను చూసి పని చెప్పు

చిరంజీవి సుధకు, మామయ్య ఆశీస్సులు.

ఇంటర్ కాగానే ఏరోనాటికల్ ఇంజనీరింగ్‌లో చేరతానని రాశావు, చాలా సంతోషం. విమానాల్లో ఎన్ని రకాలున్నాయో రాసి పంపమన్నావు. జాబితా పంపను తల్లీ, బట్టీ పట్టింది నిలవదు. మీ విశాఖలోనే బీచ్ రోడ్డు మీద, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. లోపలికి వెళ్లేముందు బయటే అరగంట నిలబడి చూడు.

1988 నుంచి 2017 దాకా మన నౌకాదళంలో పనిచేసిన సోవియట్ విమానమది. సముద్రంలో దాగిన జలాంతర్గాములను వెతకడం దాని పని. అంటే గంటల తరబడి నీటి మీద తిరగాలి, ఇంధనం ఆదా కావాలి. అందుకే నాలుగు టర్బోప్రాప్ ఇంజన్లు పెట్టారు. ఒక్కో ఇంజనుకు రెండేసి ప్రొపెల్లర్లు, ఒకదాని వెనక ఒకటి, ఎదురు దిశల్లో తిరుగుతాయి. ముందుది గాలిని సుడి తిప్పి వదిలితే, వెనకది ఆ సుడిని సరిచేసి, వృథా అయ్యే శక్తితో కూడా విమానాన్ని ముందుకు తోస్తుంది. అంత పెద్ద ప్రొపెల్లర్లు నేలకు తగలకూడదు కనుక చక్రాల కాళ్లు ఎత్తుగా ఉంటాయి. రెక్కలు వెనక్కి వాలింది వేగం కోసం.

నేను వాయుసేనలో ఎక్కువ కాలం చూసుకున్న ఏఎన్-32 విమానం పని వేరు. లేహ్ లాంటి చోట్లకు సరుకులు మోయాలి. అక్కడి రన్‌వే పదివేల అడుగులకు పైన ఉంటుంది. గాలి పలచన, రెక్కకూ ఇంజనుకూ బలం తగ్గుతుంది. అందుకని శక్తిమంతమైన ఇంజన్లను తీసుకొచ్చి రెక్కల పైన కూర్చోబెట్టారు. కింద దుమ్మూ రాళ్లూ లేచినా వాటికి దూరంగా ఉంటాయి. రాజమండ్రికి వచ్చే ఏటీఆర్ విమానానికి ప్రొపెల్లర్లు ఎందుకో ఇప్పుడు నువ్వే చెప్పగలవు: దగ్గర దూరం, తక్కువ ఎత్తు, తక్కువ ఖర్చు.

ఇక ఎగరడం సంగతి. రెక్క పైన వంపు ఉంటుంది కనుక పై గాలి ఎక్కువ దూరం పోవాలి, కింది గాలితో పాటే చివరకు చేరాలి, అందుకే వేగంగా పోతుంది అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని నమ్మకు. రెండూ ఒకేసారి చేరాలన్న నియమం ఎక్కడా లేదు. విండ్ టన్నెల్‌లో పొగ వదిలి చూస్తే పై గాలే ముందు చేరుతుంది. నువ్వు కాగితంతో మడిచే విమానానికి వంపే లేదు, అయినా ఎగురుతుంది. వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్ తలకిందులుగా కూడా ఎగురుతుంది. అసలు కిటుకు కోణంలో ఉంది. ఎదురొచ్చే గాలికి కాస్త వాలుగా నిలిచిన రెక్క ఆ గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. రెక్క పైన పీడనం తగ్గడం, గాలి కిందికి మళ్లడం వేర్వేరు సంగతులు కావు, ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చెప్పడం.

ఆ కోణం మరీ పెరిగితే గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది, పైకెత్తే బలం పడిపోతుంది. దాన్ని స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడమని చాలామంది పొరబడతారు కానీ ఇంజను పూర్తి శక్తితో తిరుగుతున్నా స్టాల్ అవుతుంది. విమానం పడిపోతుంటే పైలట్ మొదట ముక్కు కిందికి దించాలి. మనసు పైకి లాగమంటుంది, శిక్షణ దించమంటుంది. పైలట్లకు ఈ పాఠాన్ని మళ్లీ మళ్లీ నేర్పేది అందుకే.

ఇంజను ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడదు. 1983లో ఎయిర్ కెనడా బోయింగ్ 767కు గాలిలోనే ఇంధనం అయిపోయింది. ఇద్దరు పైలట్లు దాన్ని గ్లైడర్‌లా జార్చుకుంటూ గిమ్లీ అనే చోట పాత రన్‌వే మీద దించారు, అందరూ బతికారు. కారణం తెలుసా? ఇంధనం లెక్క కిలోల్లో వేయాల్సింది పౌండ్లలో వేశారు. ఫిజిక్స్ రికార్డులో ప్రమాణాలు రాయకుండా వదిలేస్తావని అక్క చెప్పింది. ఆ అలవాటు ఇప్పుడే మానుకో, సుధా.

ఈసారి హైదరాబాద్ విమానం ఎక్కితే రెక్క వెనక కిటికీ సీటు అడుగు. దిగేముందు ఫ్లాప్‌లు, అంటే రెక్క వెనక అంచున ఉండే పలకలు, ఎన్నిసార్లు, ఎంత మేర బయటికి వచ్చాయో చూసి, ఎందుకో నీ మాటల్లో నాకు రాయి. తప్పయినా ఫరవాలేదు.

అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య