తెరపై చట్టసభ

నేపథ్యం

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వం ప్రజల పేరుతో నడుస్తుంది. ప్రజలు ఎన్నుకొన్న ప్రతినిధులు చట్టాలు చేస్తారు. ప్రజాధనం ఎట్లా ఖర్చవుతున్నదో పరిశీలిస్తారు. తప్పు చేసిన అధికారాన్ని నిలదీస్తారు. ఈ పనులన్నీ తమ పేరుతో జరుగుతున్నప్పుడు వాటిని ప్రజలు చూడగలుగుతున్నారా అన్నది ముఖ్యమైన ప్రశ్న. చట్టసభల చర్చలను, ప్రభుత్వ విచారణలను టెలివిజన్‌లో ప్రసారం చేసే పద్ధతి ఎట్లా రూపొందిందో, దాని వలన కలిగిన మేలేమిటో, దాని పరిమితులేమిటో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

చట్టసభ ప్రజలందరిదీ. కాని సందర్శకుల గ్యాలరీలో కూర్చుని దానిని చూడగలిగేవారు కొన్ని వందల మంది మాత్రమే. మిగిలిన కోట్లాది ప్రజలకు చాలాకాలం వరకు వార్తాపత్రికలే కన్నులు, చెవులు. విలేకరి విన్నది రాస్తే ప్రజలు చదివేవారు. ఆ రాతకు కూడా మొదట్లో తగిన రక్షణ లేదు. సభలో సభ్యుడు ఎంత తీవ్రమైన ఆరోపణ చేసినా అతనిపై న్యాయస్థానంలో దావా వేయడానికి వీలులేదు. అదే మాటను ఉన్నదున్నట్లుగా ప్రచురించిన పత్రిక మాత్రం పరువునష్టం దావాను ఎదుర్కోవలసి వచ్చేది.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి పార్లమెంటు సభ్యుడు ఫిరోజ్ గాంధీ పూనుకొన్నాడు. ఆయన అనధికార సభ్యుని హోదాలో ప్రవేశపెట్టిన బిల్లు 1956లో చట్టమైంది. సభా కార్యక్రమాలను దురుద్దేశం లేకుండా, యథార్థంగా ప్రచురించేవారికి ఆ చట్టం రక్షణ కల్పించింది. అత్యవసర పరిస్థితి కాలంలో, ఆయన భార్య ఇందిరాగాంధీ ప్రధానమంత్రిగా ఉండగా, 1976లో ఆ చట్టం రద్దయింది. 1977లో కొత్త ప్రభుత్వం దానిని పునరుద్ధరించింది. 1978లో చేసిన 44వ రాజ్యాంగ సవరణ ద్వారా 361-ఎ అధికరణం చేరి, ఆ రక్షణ రాజ్యాంగంలోనే చోటుచేసుకొన్నది. సభలో జరిగినది బయటివారికి తెలియడమనే చిన్న హక్కు స్థిరపడడానికి ఇంత పోరాటం అవసరమయింది.

టెలివిజన్ వచ్చిన తరువాత ఈ హక్కుకు కొత్త రూపం ఏర్పడింది. చదివి ఊహించుకోవడానికి బదులు కళ్ళారా చూసే అవకాశం కలిగింది. దీని శక్తి ఎంతటిదో మొదట లోకానికి తెలిసినది అమెరికాలో. 1950 నుండి సెనేటర్ జోసెఫ్ మెకార్థీ కమ్యూనిస్టులన్న ముద్ర వేసి ఎందరినో భయభ్రాంతులకు గురిచేశాడు. ఆయనకు, సైన్యానికి మధ్య తలెత్తిన వివాదంపై 1954 ఏప్రిల్‌లో సెనేట్ ఉపసంఘం విచారణ ప్రారంభించింది. ప్రకటనల ఆదాయం పోతుందన్న భయంతో పెద్ద ప్రసార సంస్థలు దానిని పూర్తిగా ప్రసారం చేయలేదు. ఏబీసీ, డ్యూమాంట్ అనే చిన్న సంస్థలు మాత్రం ఆద్యంతం చూపించాయి. మాటకు అడ్డు తగలడం, ఆధారం లేని నిందలు వేయడం, ఎదుటివారిని బెదిరించడం వంటి మెకార్థీ ధోరణి ప్రతి ఇంటికీ చేరింది. జూన్ 9వ తేదీన సైన్యం తరఫు న్యాయవాది జోసెఫ్ వెల్చ్, ఒక యువ న్యాయవాదిపై వేసిన నిందను సహించలేక, కనీస మర్యాద కూడా మిగలలేదా అని మెకార్థీని నిలదీశాడు. ఆ క్షణాన్ని దేశం చూసింది. ఆ సంవత్సరం డిసెంబరులో సెనేట్ 67–22 ఓట్లతో మెకార్థీని అభిశంసించింది. పత్రికలు నాలుగేళ్ళుగా రాస్తున్నా కదలని ప్రజాభిప్రాయం కొన్ని వారాల ప్రసారంతో కదిలింది.

రెండు దశాబ్దాల తరువాత ఇటువంటిదే మరొక సందర్భం వచ్చింది. ప్రతిపక్ష డెమోక్రటిక్ పార్టీ కార్యాలయంలో 1972లో జరిగిన దొంగచాటు చొరబాటు వాటర్‌గేట్ కుంభకోణంగా ప్రసిద్ధి పొందింది. దానిపై సెనేటర్ శామ్ ఎర్విన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1973 మే 17న బహిరంగ విచారణ ప్రారంభించింది. మూడు పెద్ద ప్రసార సంస్థలు వంతులవారీగా పగటిపూట దానిని ప్రసారం చేశాయి. ప్రజా ప్రసార సంస్థ అయిన పీబీఎస్, పగలు పనులకు వెళ్ళినవారి కోసం రాత్రివేళ తిరిగి చూపించింది. జులై 16న అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ అనే మాజీ అధికారి, అధ్యక్షుని గదిలో సంభాషణలన్నీ రహస్యంగా టేపులలో నమోదవుతున్నాయని వెల్లడించాడు. ఆ టేపులను అప్పగించవలసిందేనని సుప్రీంకోర్టు 1974 జులైలో తీర్పునిచ్చింది. ఆగస్టు 9న అధ్యక్షుడు నిక్సన్ పదవి నుండి వైదొలగాడు. నిజాన్ని వెలికితీసినది సాక్షులు, న్యాయమూర్తులు, విలేకరులు. ఆ నిజాన్ని ఇక దాచిపెట్టలేని స్థితికి తెచ్చినది మాత్రం చూస్తున్న ప్రజల కన్ను.

ఈ ప్రసారాలన్నీ అరుదైన సందర్భాలకే పరిమితమైనవి. సంచలనం లేని రోజున కూడా సభను చూపించాలన్న ఆలోచనతో బ్రయాన్ లాంబ్ అనే వ్యక్తి సీ-స్పాన్ అనే సంస్థను స్థాపించాడు. 1979 మార్చి 19న అమెరికా ప్రతినిధుల సభ కార్యక్రమాలతో దాని ప్రసారాలు మొదలయ్యాయి. ప్రభుత్వ ధనం తీసుకోకుండా, ప్రకటనలు వేయకుండా, కేబుల్ సంస్థలు చెల్లించే రుసుముతో అది నడిచింది. 1986లో సెనేట్ కూడా తన తలుపులు తెరిచింది. వ్యాఖ్యానం లేకుండా, కత్తిరింపు లేకుండా సభను ఆసాంతం చూపడం దాని నియమం.

ప్రసారం ఉన్నంత మాత్రాన అంతా కనబడుతుందని భావించరాదు. ప్రతినిధుల సభలోని కెమెరాలు సీ-స్పాన్‌వి కావు. అవి సభ అధీనంలో ఉంటాయి. మాట్లాడేవారిని తప్ప మరేదీ చూపరాదన్నది మొదటి పద్ధతి. 1984లో కొందరు ప్రతిపక్ష సభ్యులు ఆనాటి సభా కార్యక్రమం ముగిసిన తరువాత, సభ నిండుగా ఉన్నట్లు ఆవేశంగా ప్రసంగించేవారు. ఎదుట ఉన్నవి ఖాళీ కుర్చీలని ప్రేక్షకులకు తెలిసేది కాదు. స్పీకర్ టిప్ ఓనీల్ ఒకనాడు కెమెరాను సభంతా తిప్పి చూపమని ఆదేశించాడు. ఖాళీ సభ దేశానికి కనబడింది. దానిపై పెద్ద దుమారం చెలరేగింది. 2023 జనవరిలో స్పీకర్ ఎన్నిక 15 విడతల ఓటింగు వరకు సాగినప్పుడు సీ-స్పాన్ కెమెరాలకు తాత్కాలికంగా స్వేచ్ఛ లభించింది. సభ్యుల మంతనాలు, వాగ్వాదాలు, బుజ్జగింపులు అన్నీ ప్రజలు చూశారు. కెమెరా ఎవరి చేతిలో ఉన్నదో, చూపు వారి చేతిలో ఉంటుంది.

మన దేశంలో ఈ మార్గం మెల్లగా తెరుచుకొన్నది. 1989 డిసెంబరు 20న రాష్ట్రపతి ఉభయ సభల సభ్యులను ఉద్దేశించి చేసిన ప్రసంగం తొలిసారిగా ప్రత్యక్ష ప్రసారమైంది. 1991 డిసెంబరులో ప్రశ్నోత్తరాల సమయాన్ని చిత్రించి మరునాడు దూరదర్శన్‌లో చూపడం ప్రారంభించారు. 1994 డిసెంబరు నుండి ఒక వారం లోక్‌సభ, మరొక వారం రాజ్యసభ ప్రశ్నోత్తరాలు ప్రత్యక్షంగా ప్రసారమయ్యాయి. 2004 డిసెంబరులో రెండు సభలకూ వేర్వేరు ఛానళ్ళు ఏర్పడ్డాయి. సభాపతి సోమనాథ్ చటర్జీ చొరవతో 2006 జులైలో లోక్‌సభ టీవీ, 2011 ఆగస్టులో రాజ్యసభ టీవీ మొదలయ్యాయి. ఈ రెండింటినీ విలీనం చేసి 2021 సెప్టెంబరు 15న సంసద్ టీవీని ప్రారంభించారు. అప్పుడు రాజ్యసభ అధ్యక్షుడు తెలుగువారైన ముప్పవరపు వెంకయ్యనాయుడు.

ప్రసారం విలువ అది ఆగిపోయినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. తెలుగువారికి అది అనుభవంలోకి వచ్చిన దినం 2014 ఫిబ్రవరి 18. ఆనాడు ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. రాష్ట్రంలోని అన్ని ప్రాంతాల ప్రజలూ టెలివిజన్ల ముందు కూర్చున్నారు. బిల్లుపై సభ చర్చిస్తున్న సమయంలో లోక్‌సభ టీవీ ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయింది. తలుపులు మూసిన సభలో బిల్లు మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది. సాంకేతిక లోపమే కారణమని అధికారులు వివరణ ఇచ్చారు. కావాలనే నిలిపివేశారని బిల్లును వ్యతిరేకించినవారు ఆరోపించారు. ఫిబ్రవరి 20న రాజ్యసభ కూడా ఆమోదించింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం అవతరించింది. ఆ నిర్ణయం కొందరికి దశాబ్దాల ఆకాంక్ష ఫలించిన ఆనందాన్ని, మరికొందరికి తీరని ఆవేదనను కలిగించింది. ఈ భేదం ఎట్లున్నా, తమ భవిష్యత్తును నిర్ణయించిన ఘడియను తమ కళ్ళతో చూసే అవకాశాన్ని ఇరుపక్షాలవారూ కోల్పోయారు. కారణం లోపమే అయినా, చీకటి తెర అనుమానాన్ని పెంచుతుంది. చూసినవాడు అంగీకరించకపోవచ్చు, చూడనివాడు నమ్మడు.

మన పద్ధతిలో మరొక ముఖ్యమైన అంశం గమనార్హం. అమెరికాలో సంఘాల విచారణలు సాధారణంగా బహిరంగంగా జరుగుతాయి. మన పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 1993 నుండి పనిచేస్తున్నాయి. అధికారులను పిలిపించి ప్రశ్నించడం, బడ్జెట్ పద్దులను, బిల్లులను క్షుణ్ణంగా పరిశీలించడం అక్కడనే జరుగుతుంది. కాని ఆ సమావేశాలు రహస్యంగా సాగుతాయి. నివేదిక మాత్రమే సభకు చేరుతుంది. కెమెరా లేనిచోట సభ్యులు పార్టీ భేదాలు మరచి నిష్పాక్షికంగా మాట్లాడతారని దీనిని సమర్థించేవారు చెబుతారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ప్రజాధనం గురించి అధికారి ఇచ్చే సమాధానాన్ని ప్రజలు ఎందుకు వినకూడదన్న ప్రశ్నను కూడా తోసిపుచ్చడం కష్టం. దేశ భద్రతకు సంబంధించిన విషయాలను మినహాయించి, తక్కిన సాక్ష్య సేకరణను చూపి, సభ్యులు తమలో తాము చర్చించుకొనే భాగాన్ని గోప్యంగా ఉంచడం మధ్యేమార్గం కాగలదు.

న్యాయస్థానాలు కూడా ఈ దిశలో అడుగు వేశాయి. న్యాయవిచారణల ప్రత్యక్ష ప్రసారానికి సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న అనుకూలంగా తీర్పు చెప్పింది. 2022 ఆగస్టు 26న, తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ పదవీ విరమణ దినాన, వీడ్కోలు ధర్మాసనం కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. మరుసటి నెలలో రాజ్యాంగ ధర్మాసనాల విచారణలను చూపడం మొదలైంది.

ప్రత్యక్ష ప్రసారాలపై ఆక్షేపణలు లేకపోలేదు. కెమెరా కోసమే సభ్యులు కేకలు వేస్తారని, ప్రదర్శనలు చేస్తారని కొందరి విమర్శ. 2008 జులై 22న విశ్వాస పరీక్ష సమయంలో లోక్‌సభలో నోట్ల కట్టలను ప్రదర్శించిన దృశ్యం దేశమంతా చూసింది. గంటల చర్చలో నుండి అర నిమిషం ఆవేశాన్ని మాత్రమే కత్తిరించి పదేపదే చూపడం మరొక దోషం. ప్రైవేటు ఛానళ్ళలోని చర్చా కార్యక్రమాలలో నలుగురు ఒక్కసారిగా మాట్లాడితే శ్రోతకు దక్కేది రొద మాత్రమే. చర్చ అంటే ఒకరు చెప్పినది మరొకరు విని, ఆధారంతో బదులివ్వడం. ఈ దోషాలకు మందు ప్రసారాన్ని ఆపడం కాదు. కత్తిరించని పూర్తి ప్రసారం ప్రజలకు అందుబాటులో ఉన్నప్పుడే కత్తిరించిన ముక్కలోని వంచన బయటపడుతుంది.

చివరకు బాధ్యత ప్రేక్షకునిపై కూడా ఉన్నది. ప్రశ్నోత్తరాల సమయంలో తమ ప్రాంతపు సాగునీటి పథకం గురించి, పాఠశాలల గురించి ఎవరు అడిగారో, మంత్రి ఏమి సమాధానం చెప్పారో గమనించే పౌరుడు ఎన్నికల నాడు వాగ్దానాలకు మోసపోడు. సభను చూపడం పాలకులు ప్రజలకు చేసే ఉపకారం కాదు; అది ప్రజలకు చెల్లించవలసిన లెక్క. ఆ లెక్కను చూసుకోవడం ప్రజల పని.

కఠిన పదాలు – అర్థాలు

అధికరణం : రాజ్యాంగంలోని ఒక నిబంధన
ఆద్యంతం : మొదటి నుండి చివరి వరకు
అభిశంసించు : తప్పు చేశాడని సభ అధికారికంగా ఖండించు
మూజువాణి ఓటు : నోటిమాటతో తెలిపే ఓటు
పద్దు : ఆదాయ వ్యయాల లెక్కలోని అంశం
గోప్యం : దాచదగినది, రహస్యం
ఆక్షేపణ : అభ్యంతరం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. విచారణల ప్రసారం అమెరికా ప్రజాభిప్రాయాన్ని ఎట్లా ప్రభావితం చేసిందో రెండు ఉదాహరణలతో వివరించండి.
2. పార్లమెంటరీ సంఘాల సమావేశాలను ప్రసారం చేయాలా? అనుకూల, ప్రతికూల వాదాలను తెలిపి మీ అభిప్రాయం రాయండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఫిరోజ్ గాంధీ ప్రవేశపెట్టిన బిల్లు అవసరం ఎందుకు ఏర్పడింది?
2. టిప్ ఓనీల్ కెమెరాను సభంతా తిప్పమని ఎందుకు ఆదేశించాడు?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. చూసినవాడు అంగీకరించకపోవచ్చు, చూడనివాడు నమ్మడు.
2. అది ప్రజలకు చెల్లించవలసిన లెక్క.

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. లోక్‌సభ టీవీ ఏ సంవత్సరంలో మొదలైంది?
2. సీ-స్పాన్ స్థాపకుడు ఎవరు?

V. సంధులు
ప్రశ్నోత్తరాలు = ప్రశ్న + ఉత్తరాలు – గుణసంధి
రాజ్యాంగం = రాజ్య + అంగం – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యక్షం = ప్రతి + అక్షం – యణాదేశ సంధి

VI. సమాసాలు
ప్రజాధనం : ప్రజల యొక్క ధనం – షష్ఠీ తత్పురుష సమాసం
ఆదాయ వ్యయాలు : ఆదాయమును, వ్యయమును – ద్వంద్వ సమాసం