'డిస్కో దీవానే': ఒక పదబంధం, ఒక గ్రామఫోను రికార్డు

సంస్కృత పదాన్ని అచ్చ తెలుగు పదంతో ముడివేస్తే మన వ్యాకర్తలు వైరి సమాసమని పేరు పెట్టి దూరంగా ఉంచారు. పూర్వం నుండి వాడుకలో నిలిచిపోయిన కొన్నింటిని మాత్రం చూచీచూడనట్లు విడిచిపెట్టారు. ఆ దృష్టితో చూస్తే 1981లో వెలువడిన 'డిస్కో దీవానే' అనే పేరు వైరి సమాసాలన్నింటికీ పెద్దన్న వంటిది. ఇందులో ఒక పదం ఫ్రెంచి దేశం నుండి ఇంగ్లీషు మీదుగా వచ్చింది. రెండవది పారసీకం నుండి ఉర్దూలోకి వచ్చింది. ఈ రెండింటికీ చుట్టరికం ఏమాత్రం లేదు. అయినా ఆ జంట పదం దక్షిణాసియా అంతటా పిల్లల నోళ్ళలో నానింది. పదహారేళ్ళ బాలిక, ఆమెకన్న చిన్నవాడైన తమ్ముడు కలిసి పాడిన పాటల సంపుటి అది. భాషా విద్యార్థులు పరిశీలించదగిన విషయాలు ఇందులో పెక్కు ఉన్నాయి గనుక ఈ వ్యాసం.

ముందుగా పదాల సంగతి. ఫ్రెంచిలో 'బిబ్లియోతెక్' అంటే గ్రంథాలయం. ఆ పోలికమీదనే రికార్డులు భద్రపరచే చోటుకు 'డిస్కోతెక్' అన్నారు. కాలక్రమాన ఆ పేరు వాద్యబృందానికి బదులు రికార్డులు వేసి నృత్యం చేసే శాలకు వచ్చింది. తరువాత పదం సగానికి తెగి, అక్కడ మోగే సంగీతానికే 'డిస్కో' పేరైంది. గ్రంథాలయానికి తోబుట్టువైన పదం నాట్యశాలకు చేరడం అర్థపరిణామానికి చక్కని ఉదాహరణ.

'దీవానా' చరిత్ర ఇంకా లోతైనది. పారసీకంలో 'దేవ్' అంటే భూతం. సంస్కృతంలో 'దేవ' అంటే దేవుడు. పదం ఒక్కటే. సోదర భాషలు రెండింటిలో ఒకటి దానిని గుడిలో కూర్చుండబెట్టింది, మరొకటి చెట్టుమీదికి ఎక్కించింది. భూతం పట్టినవాడు, మతి తప్పినవాడు దీవానా. సూఫీ కవులు ఈ తిట్టును బిరుదుగా మార్చారు. లోకం మరచి దైవప్రేమలో మునిగినవాడు, మజ్నూ వంటివాడు, వారి దృష్టిలో దీవానా. మన వైపు పల్లెల్లో 'వాడొక దివానాగాడు' అన్నప్పుడు మాత్రం సూఫీ అర్థం పోయి, పాత అర్థమే మిగిలింది. 'దీవానే' బహువచన రూపం. కాబట్టి డిస్కో పిచ్చివాళ్ళు అని అర్థం. శతాబ్దాల బరువు మోసిన మాటను నృత్యశాల మాట పక్కన నిలబెట్టడం కొందరికి అపచారంగా తోచవచ్చును. నాకు మాత్రం భాష బ్రతికి ఉన్నదనడానికి అదొక గుర్తుగా కనిపిస్తున్నది.

ఇక పాడినవారి సంగతి. నాజియా హసన్ 1965 ఏప్రిల్ 3న కరాచీలో జన్మించింది. బాల్యం కరాచీలోను, లండనులోను గడిచింది. లండనులో ఒక విందులో చిత్ర దర్శకుడు ఫిరోజ్ ఖాన్‌కు ఆమె పరిచయమైంది. ఆయన అప్పుడు 'ఖుర్బానీ' తీస్తున్నాడు. ఆ చిత్రానికి సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ; అయినా ఒక్క పాటను మాత్రం బిద్దు చేతికి అప్పగించారు. బిద్దు కొడగువాడు, బెంగుళూరులో పుట్టి లండను చేరినవాడు. 1974లో కార్ల్ డగ్లస్ పాడిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాటకు నిర్మాతగా బ్రిటన్, అమెరికాలు రెండింటా ప్రథమస్థానం చూచినవాడు. ఆయన చేసిన 'ఆప్ జైసా కోయీ' పాటను 1980లో తెరమీద జీనత్ అమన్ అభినయించగా దేశమంతా విన్నది. మరుసటి సంవత్సరం ఉత్తమ నేపథ్య గాయనిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి నాజియాకు వచ్చింది. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు.

ఆమె శాస్త్రీయ సంగీతాన్ని నియమంగా అభ్యసించిన గాయని కాదు. గమకాలు లేవు, సంగతులు లేవు. స్వరంలో కొంచెం ముక్కుపలుకు కూడా ఉన్నది. లతా మంగేష్కర్, ఆశా భోస్లే గళాలకు అలవాటుపడిన చెవులకు అది కొత్త. ఈ సన్నని గొంతును బిద్దు ఎట్లా వాడుకొన్నాడో గమనించాలి. ఆనాడు మన సినిమా పాటలకు గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి ధ్వనిముద్రణ చేయడం పరిపాటి. లండను స్టూడియోలలో మాత్రం డ్రమ్ములను, గిటార్లను, గొంతును వేరువేరు ట్రాకులలో ముద్రించి ఆపైన కలిపేవారు. ఒకే గొంతును రెండుసార్లు ముద్రించి ఒకదానిపై ఒకటి పరిస్తే పలుచని స్వరం కూడా నిండుగా వినిపిస్తుంది. నాజియా పాటలో మనకు వినిపించే మెరుపు కొంత ఆమెది, కొంత ఆ పనితనానిది. దానిని మోసమనేవారు ఉన్నారు. వేదికమీద మైకు పెట్టుకోవడం మోసం కానప్పుడు ఇది ఎందుకు మోసమవుతుందో వారే చెప్పాలి.

ఈ విజయం వెంటనే సినిమా ప్రసక్తి లేకుండా పూర్తి సంపుటి చేయాలని తలపెట్టారు. నిజానికి సాహసం ఇక్కడనే ఉన్నది. 1981 నాటికి మన దేశంలో రికార్డుల వ్యాపారమంటే ప్రధానంగా సినిమా పాట. ప్రైవేటు రికార్డులు లేకపోలేదు. గజళ్ళు, భజనలు, కవ్వాలీలు ఉన్నాయి. తెలుగులో ఘంటసాల పాడిన 'పుష్పవిలాపం', భగవద్గీత ఉన్నాయి. కాని అవన్నీ కవిత్వం మీదనో, భక్తి మీదనో నిలిచినవి. తార లేని, కథ లేని, నృత్యం కోసమే పుట్టిన యువతరం పాటల సంపుటి ఈ స్థాయిలో అమ్ముడుపోవడం కొత్త. తమ్ముడు జొహేబ్ గాయకుడుగానే గాక బిద్దుతోపాటు స్వరకర్తగా కూడా చేయి కలిపాడు. భారతదేశంలో హెచ్.ఎం.వి. దీనిని విడుదల చేసింది. సరిహద్దుకు ఇరువైపుల ఒకే పాట ఒకే కాలంలో మోగింది. ఇందలి భాషను ఇక్కడివారు హిందీ అన్నారు, అక్కడివారు ఉర్దూ అన్నారు. పాటకు మాత్రం ఆ తగవు పట్టలేదు.

మరుసటి సంవత్సరమే ఒక విచిత్రం జరిగింది. 1982లో వీరి పాటలతో 'స్టార్' అనే సినిమా వచ్చింది. సినిమా పడిపోయింది, పాటలు నిలిచాయి. పాటకు సినిమా ఊతకర్ర కానక్కరలేదని దీనికన్న స్పష్టంగా ఎవరు నిరూపించగలరు?

తెలుగువారికి ఈ అనుభవం పూర్తిగా కొత్తది కాదు. రావు బాలసరస్వతీదేవి పసితనంలోనే గ్రామఫోను రికార్డుకు పాడింది. శంకరంబాడి సుందరాచారి 'దీనబంధు' చిత్రం కోసం వ్రాయగా, అందులో చోటు దొరకని 'మా తెలుగు తల్లికి' గీతం టంగుటూరి సూర్యకుమారి పాడిన రికార్డు ద్వారానే ఇంటింటికీ చేరింది. డిస్కో బాణీ మాత్రం మనకు సినిమా దారినే వచ్చింది. 1986లో బప్పీ లహిరి 'సింహాసనం' చిత్రంతో తెలుగులో అడుగుపెట్టాడు. రాజుల కథలో సింథసైజరు మోగింది. సినిమాతో పనిలేని తెలుగు పాప్ సంపుటాలు జనంలో నిలదొక్కుకొనడానికి స్మిత వంటివారు వచ్చేవరకు, అనగా ఈ శతాబ్దారంభం వరకు, ఆగవలసివచ్చింది.

కళాశాల వార్షికోత్సవాలు సమీపించినప్పుడెల్లా ఏ పాట పాడనివ్వవచ్చును, ఏది కూడదు, ముఖ్యంగా ఆడపిల్లలు వేదికమీద పాడవచ్చునా అనే చర్చ అన్ని ఊళ్ళలోను వినవస్తుంది. పెద్దల శంకను నేను తేలికగా తీసివేయను. పాట మోజులో చదువు పాడవుతుందనే భయం నిజమైనదే. అయితే ఆ భయానికి నాజియా జీవితం ఉదాహరణగా పనికిరాదు. సంపుటాలు వరుసగా వెలువడుతున్న కాలంలోనే ఆమె లండనులో వ్యాపార నిర్వహణ, అర్థశాస్త్రం చదివి పట్టం పుచ్చుకొన్నది. తరువాత న్యాయశాస్త్రం కూడా చదివింది. ఐక్యరాజ్యసమితిలో కొంతకాలం పనిచేసింది. ఇద్దరూ కలిసి 1984లో 'యంగ్ తరంగ్', 1987లో 'హాట్‌లైన్' ఇచ్చారు. 'కెమెరా కెమెరా' తరువాత వారు పాటల నుండి తప్పుకొన్నారు.

నాజియా 2000 ఆగస్టు 13న లండనులో ఊపిరితిత్తుల కేన్సరుతో మరణించింది. అప్పటికి ఆమెకు 35 ఏళ్ళు. 2002లో పాకిస్తాన్ ప్రభుత్వం మరణానంతర పురస్కారమిచ్చి గౌరవించింది. అంతకు ముందే, 1995లో, బిద్దు స్వరపరచిన 'మేడ్ ఇన్ ఇండియా' అలీషా చినాయ్ గొంతుతో వెలువడి, సినిమాతో సంబంధం లేని పాప్ సంపుటికి ఈ దేశంలో మరొకసారి పెద్ద మార్కెట్టు చూపింది. 2012లో 'స్టూడెంట్ ఆఫ్ ద ఇయర్' అనే హిందీ చిత్రంలో విద్యార్థుల నృత్యానికి పాట కావలసివచ్చినప్పుడు 'డిస్కో దీవానే'నే కొత్త తొడుగు వేసి వాడుకొన్నారు. పాత రికార్డు వెలువడిన ముప్పై ఒక్క ఏళ్ళకు, అప్పటికి పుట్టనైనా పుట్టని పిల్లలు ఆ మాటలకు అడుగులు వేశారు.