పెరటి తోటలో దోమల నివారణ

గురుకులంలో మా గురువుగారు మొదట బోధించినది నిదాన పరివర్జనం, అనగా రోగ కారణాన్ని తొలగించడం. దశాబ్దాలుగా రోగులకు చెబుతూ వచ్చిన ఆ మాటను నా పెరటిలో నేనే విస్మరించాను.

2019 వర్షాకాలంలో మా మనుమరాలికి డెంగీ జ్వరం వచ్చింది. ప్రతి సాయంకాలం ఇంట్లో వేపాకు ధూపం వేస్తూనే ఉన్నాము. కాని డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. పెరడంతా వెదకగా, తులసి కుండీ కింది పళ్లెంలో నిలిచిన తేట నీటిలో దోమ లార్వాలు కదలుతూ కనిపించాయి. తులసి, నిమ్మగడ్డి పెంచినంత మాత్రాన దోమలు తొలగవని ఆనాడు గ్రహించాను.

గ్రుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. కావున వారానికొకసారి ఈ క్రింది పనులు తప్పక చేయాలి.

1. కుండీ పళ్లేలు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పక్షులకు పెట్టే పాత్రలలోని నీటిని పారబోయాలి.

2. పాత్రల లోపలి అంచులను పీచుతో గట్టిగా తోమాలి. అక్కడ అంటుకొన్న ఏడిస్ గ్రుడ్లు ఎండిపోయినా నెలల తరబడి జీవించి, మరల నీరు తగలగానే పొదుగుతాయి.

3. నీటి తొట్లపై మూత గాని, దట్టమైన వస్త్రం గాని కప్పాలి. తామర తొట్టిలో గప్పీ చేపలను పెంచాలి.

ధూపం కొంతసేపు దోమలను పారద్రోలవచ్చును గాని, ఉబ్బసం ఉన్నవారి ఇంట వేయరాదు. జ్వరం వచ్చినచో కషాయాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపి రక్తపరీక్ష చేయించాలి.

మా మనుమరాలు కోలుకొన్నది. ప్రతి ఆదివారం ఆ పళ్లేన్ని ఇప్పుడు తానే తోముతున్నది.