మంచుకొండల దారిలో

ఉద్దేశం : గమ్యాన్ని చేరడమే ప్రయాణానికి పరమార్థం కాదు. ప్రకృతి నియమాలను గుర్తెరిగి మసలుకోవడం కూడా ప్రయాణంలో భాగమే. ఒక తెలుగు కుటుంబం హిమాలయ మార్గంలో పొందిన అనుభవం ద్వారా ఈ విషయాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హిమాలయం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. 16వ శతాబ్దికి చెందిన అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపన మహిమతో మంచుకొండలను ఇట్టే చేరాడు. ఆ లేపనం మంచునీటికి కరిగిపోగా ఇల్లు చేరే ఉపాయం కానక తల్లడిల్లాడు. నేటి ప్రయాణికునికి పాదలేపనానికి బదులు మోటారు వాహనం లభించింది. పర్వతాల స్వభావం మాత్రం మారలేదు.

కాకినాడలో నివసించే ఒక బ్యాంకు ఉద్యోగి తన తల్లి, భార్య, ఇంటర్మీడియట్ చదువుతున్న కుమార్తె, పదేళ్ళ కుమారునితో కలిసి ఒక జూన్ మాసంలో మనాలి నుండి లేహ్‌కు కారులో బయలుదేరాడు. సముద్రతీరంలో పుట్టి పెరిగిన ఆ ఐదుగురూ అంతకుముందు మంచుకొండను కన్నవారు కారు. దారి 400 కిలోమీటర్లకు పైమాటే. సెలవులు కొద్ది. రెండు రోజులలో లేహ్ చేరాలని అతని సంకల్పం. కారు నడిపే డ్రైవరు లాహౌల్ లోయవాసి. ఆ దారిలో తలపండినవాడు.

మనాలి దాటిన తరువాత అటల్ సొరంగం వస్తుంది. 9.02 కిలోమీటర్ల పొడవైన ఈ మార్గం 2020 అక్టోబరు 3న ప్రారంభమైంది. అంతకు పూర్వం వాహనాలన్నీ 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమను ఎక్కి దిగవలసి వచ్చేది. శీతకాలంలో మంచు ఆ కనుమను మూసివేయగా లాహౌల్ ప్రజలకు నెలల తరబడి బయటి రాకపోకలు స్తంభించేవి.

సొరంగానికి ఇవతల దేవదారు వనాలు. అవతల పచ్చదనం అరుదైన బోడి కొండలు. “ఒకే కొండకు ఇంత భేదమా!” అని కుమార్తె ఆశ్చర్యపోయింది. రుతుపవన మేఘాలను పర్వతశ్రేణి దక్షిణం వైపే అడ్డగించడం వలన లాహౌల్ వర్షచ్ఛాయా ప్రదేశమైంది.

తాండి వద్ద చంద్ర, భాగ నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. చీనాబ్ అన్నది దాని మరో పేరే. భాగ నది వెంట కేలాంగ్ మీదుగా జిస్పా చేరేసరికి సాయంకాలమైంది. వెలుతురు ఉన్నది కనుక ముందుకు పోదామన్నాడు ఆ ఉద్యోగి. డ్రైవరు అంగీకరించలేదు.

“అయ్యా! పగటి ఎండకు మంచు కరిగి, సాయంకాలానికి దారిలోని వాగులు పొంగుతాయి. తెల్లవారేసరికి తగ్గుతాయి. పైగా మీ ఒంటికి ఈ ఎత్తు అలవాటు కావాలి.” ఆ రాత్రి అక్కడే బస చేశారు. అది సుమారు 3,200 మీటర్ల ఎత్తు.

మరునాడు కారు మెలికలు తిరుగుతూ పైకి సాగింది. దారికి ఇరువైపులా మంచు గోడలై నిలిచింది. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ ఏటా ఆ మంచును తొలిచి దారి తెరుస్తుంది. జార్ఖండ్, బీహార్ వంటి రాష్ట్రాల నుండి వచ్చిన కూలీలు ముఖాలకు గుడ్డలు చుట్టుకొని రాళ్ళు పేరుస్తున్నారు. నాయనమ్మ కారు ఆపించి, ఇంటి నుండి తెచ్చిన కాజాల పెట్టెను వారి చేతిలో పెట్టింది. “మనం కొండలెక్కుతున్నామంటే వీళ్ళ చేతి చలవేనమ్మా” అన్నది మనుమరాలితో.

సగం గడ్డకట్టిన సూరజ్ తాల్ సరస్సును దాటి, 4,800 మీటర్లకు పైబడిన బారాలాచా కనుమపై ఆగారు. పిల్లవాడు గుప్పెడు మంచు తీసుకోగానే చేయి చురుక్కుమని, అంతలోనే తిమ్మిరెక్కింది. కొత్త మంచు తనపై పడిన వెలుగులో నూటికి 80 పాళ్ళకు మించి తిప్పి పంపుతుంది. అందుకే అందరూ నల్ల కళ్ళద్దాలు ధరించారు.

ఆ సంబరంలో నాయనమ్మ మౌనాన్ని మొదట గమనించినది మనుమరాలు. తలనొప్పి, వికారం, మాటలో మందకొడితనం. అంత ఎత్తున గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు కాని, గాలి పీడనం తగ్గుతుంది. ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి బసను రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల సూచన. ఆ రాత్రి బస చేయదలచిన సర్చూ జిస్పా కంటే సుమారు వెయ్యి మీటర్లు ఎగువన ఉంది.

“నా కోసం ఆగకండి నాయనా! ఇంత దూరం వచ్చి లేహ్ చూడకపోతే ఎలా?” అన్నది ఆమె. కొడుకు సందిగ్ధంలో పడ్డాడు. ఒకవైపు ఏళ్ళ నాటి కోరిక, లేహ్‌లో ముందుగా చెల్లించిన సొమ్ము, మరొకవైపు తల్లి.

“అయ్యా! అమ్మగారి జబ్బుకు మందు పైన లేదు, కింద ఉంది” అన్నాడు డ్రైవరు.

కారు వెనుదిరిగింది. దిగుతున్నకొద్దీ ఆమె ముఖం తేటపడింది. జిస్పా చేరిన సాయంకాలం “ఆకలవుతోందమ్మా” అని కోడలితో అన్నప్పుడు కొడుకు కళ్ళు చెమ్మగిల్లాయి. మిగిలిన రెండు రోజులూ భాగ నది ఒడ్డునే గడిపారు. లేహ్ వారికి దక్కలేదు. వెనుకకు మరలడం కూడా పర్వతయాత్రలో నేర్వవలసిన విద్యేనని ఆ ఇంటివారు తెలుసుకున్నారు.

కఠిన పదాలు – అర్థాలు

పాదలేపనం = కాళ్ళకు పూసుకొనే పసరు
కనుమ = కొండల నడుమ దారి
వర్షచ్ఛాయ = కొండల అడ్డు వలన వాన తక్కువగా పడే ప్రదేశం
సందిగ్ధం = ఎటూ తేలని స్థితి

ప్రశ్నలు

1. అటల్ సొరంగం వలన లాహౌల్ ప్రజలకు కలిగిన మేలు ఏమిటి?
2. డ్రైవరు జిస్పాలో బస చేయాలని చెప్పడానికి కారణాలు వ్రాయండి.
3. “అమ్మగారి జబ్బుకు మందు పైన లేదు, కింద ఉంది” – సందర్భ సహితంగా వివరించండి.
4. ప్రవరుని ప్రయాణాన్ని, ఈ కుటుంబ ప్రయాణాన్ని పోల్చి వ్రాయండి.