గరిటె పిల్లల చేతికివ్వండి

"ఇంకొక్క ముద్ద, ఇదే ఆఖరు." రాత్రి తొమ్మిదింటికి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో చిన్నపిల్లలున్న తెలుగిళ్లలో తరచూ వినిపించే మాట ఇది. పిల్లాడు ముందు, కంచం పట్టుకుని అమ్మ వెనక. మొబైల్‌లో బొమ్మలు ఆడుతుంటే ముద్ద లోపలికి పోతుంది. ఏం తిన్నాడో వాడికి తెలియదు, తినిపించిన తృప్తి అమ్మకూ మిగలదు. మర్నాడు మళ్లీ అదే తంతు.

ఒక్కసారి ఆలోచించండి. ఇంటి భోజనంలో పిల్లాడికి మనం అప్పజెప్పిన పని ఏమిటి? నోరు తెరవడం. అదొక్కటే. ఏం కొనాలో, ఏం వండాలో, ఎంత తినాలో అన్నీ మనమే తేల్చేస్తాం. ఇక వాడి చేతిలో మిగిలిన అధికారం "నాకొద్దు" అనడమే. దాన్ని గట్టిగా వాడుకుంటున్నాడు. ఆ ఒక్క మాట మీద రోజూ యుద్ధం చేసే బదులు వాడికి ఇంకో అధికారం ఇవ్వండి. వంటింట్లో పని ఇవ్వండి.

మన ఊళ్లో ఈ సమస్యకి ఇంకో ముడి కూడా ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చాక బిలాస్‌పూర్ రైల్వే పట్నమైంది. 1931లో రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్రకీ ఈ నేలకీ రాకపోకలు సులువయ్యాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకి ఈ ఊరే కేంద్రమైంది. అలా ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన మన ఇళ్లలో రెండు మూడు తరాల నాలుకలు ఒకే పొయ్యి మీద ఆధారపడి ఉన్నాయి. నానమ్మకి బెల్లం వేసిన పులుసు, ఆవ పెట్టిన కూర ఉండాలి. నాన్నకి డ్యూటీ దిగి రాగానే వేడి వేడి పప్పన్నం కావాలి. పిల్లాడు బడిలో పక్కవాడి డబ్బాలో చూసిన రోటీ, ఆలూ కూర అడుగుతాడు. పులుసు వాసనకే మొహం తిప్పుకుంటాడు. అది పొగరు కాదు. వాడు పెరుగుతున్న ఊరి రుచి వాడికి అలవాటైంది, అంతే.

కొత్త తిండి అంటే భయపడటం పిల్లల్లో సహజం. సాధారణంగా రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య ఇది ఎక్కువగా ఉంటుంది. అమెరికాలో లీయాన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల తిండి అలవాట్లను దశాబ్దాల పాటు పరిశీలించారు. 1982లో ఆమె బృందం రెండేళ్ల పిల్లలకు తెలియని రకం జున్నులు, పండ్లు రుచి చూపించింది. కొన్నిటిని రెండుసార్లే, కొన్నిటిని ఇరవై సార్ల దాకా. ఎక్కువసార్లు రుచి చూసినవే పిల్లలకు ఎక్కువ నచ్చాయి. మరి మనమేం చేస్తాం? బీరకాయ కూర రెండుసార్లు పెట్టి, రెండుసార్లూ తోసేస్తే "మావాడు బీరకాయ ముట్టడండీ" అని చుట్టాలందరికీ ప్రకటించేస్తాం. ఆ ముద్ర వాడి చెవిన పడుతుంది. ఇక దాన్ని నిలబెట్టుకోవడం వాడికి పరువు సమస్య అయిపోతుంది.

బలవంతం ఏం చేస్తుందో కూడా ఆమె, ఆమె సహచరులు చూశారు. 2006లో వెలువడిన అధ్యయనంలో చిన్నపిల్లలకు రెండు రకాల సూపులు ఇచ్చి, ఒకదాని విషయంలో "పూర్తి చెయ్యి" అని పదే పదే చెప్పారు, రెండోదాని విషయంలో ఏమీ అనలేదు. ఏమీ అననప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. గొడవ పెట్టినప్పుడు దాన్ని తిట్టుకున్నారు. "ఇది తింటే అది ఇస్తా" అన్న లంచం కూడా అంతే. పాలకూర తింటే చాక్లెట్ ఇస్తానన్నామంటే, పాలకూర కష్టమైనదని, చాక్లెట్ గొప్పదని మన నోటితో మనమే చెప్పినట్టు.

పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ 1980లలోనే ఒక లెక్క చెప్పారు. ఏం వడ్డించాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, తింటే ఎంత అన్నది పిల్లల పని. ఎవరి పనిలో వాళ్లుంటే కంచం దగ్గర కొట్లాట ఉండదు. వినడానికి సులువుగానే ఉంటుంది. ఆచరణలో అమ్మకి గుండె దడదడలాడుతుంది. ఒక పూట వాడు రెండు ముద్దలు తిని లేస్తే ఊరుకోవాలి మరి! ఊరుకోండి. మధ్యలో బిస్కెట్లు, మిక్చరు ఇవ్వకుండా ఉంటే మర్నాటికి ఆకలి తన పని తాను చేసుకుపోతుంది.

ఇక వంటింటి సంగతి.

పని వంటింట్లో మొదలవదు, బజారులో మొదలవుతుంది. సాయంత్రం పిల్లల్ని బుధవారీ బజారుకి తీసుకెళ్లండి. ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నన్ని ఆకుకూరలు మన కోస్తాలో కూడా చూడం. ఎర్రగా మెరిసే లాల్ భాజీ, చలికాలంలో శనగాకు, తివరా ఆకు, వానాకాలంలో చేంచ్ భాజీ. "ఇవాళ ఏ ఆకు కొందాం? నువ్వు చెప్పు" అనండి. వాడు చూపించింది కొనండి. కొన్నది ఆ రాత్రే వండండి, రేపటికి వాయిదా వెయ్యొద్దు. ఎంచుకున్నది వాడు కాబట్టి కనీసం ఎలా ఉందో చూడాలనే కుతూహలం ఉంటుంది. మొదటి రోజుకి ఆ కుతూహలం చాలు.

ఇచ్చే పని నిజమైన పని కావాలి. ఓ మూల కూర్చోబెట్టి, పిండి ముద్ద చేతికిచ్చి, "ఆడుకో నాన్నా" అంటే పిల్లలకు అర్థమవుతుంది, తమను పక్కన పెట్టారని. తను చెయ్యకపోతే వంట ఆగిపోయే పని ఒకటి వాడికుండాలి. నాలుగేళ్ల పిల్లలు బఠాణీలు ఒలుస్తారు, ఆకు వలుస్తారు, చిక్కుడుకాయ ఈనెలు తీస్తారు. ఏడేళ్లొస్తే పిండి కలపడం, మజ్జిగ చిలకడం, చపాతీ ఒత్తడం వస్తుంది. మొదట్లో అది దేశాల పటంలా ఉంటుంది, అయినా కాల్చి పెట్టండి. పదేళ్ల వాళ్లకి చిన్న కత్తి ఇచ్చి టమాటా తరగడం, మీరు పక్కన నిలబడి పోపు వేయించడం నేర్పొచ్చు. ఆవాలు చిటపటలాడాకే ఎండుమిర్చి వెయ్యాలన్నది ఒకసారి చూస్తే చాలు, జన్మలో మర్చిపోరు. కుక్కరు, వేపుళ్లకి మరిగే నూనె మాత్రం పెద్దల చేతిలోనే ఉండాలి.

ఆడపిల్లలకేనా ఇవన్నీ? కాదు. పని ఇద్దరికీ సమానంగా చెప్పండి. రైల్వే ఇళ్లలో ఈ మాట చెప్పడం సులువు కూడా. డ్యూటీ పెట్టె అయిన లైన్ బాక్సులో బియ్యం, పప్పు పెట్టుకుని, రైలు సిబ్బంది బస చేసే రన్నింగ్ రూముకి వెళ్లిన తరం మన తాతలది, నాన్నలది. అక్కడ వంటవాళ్లతో వండించుకున్నవాళ్లూ ఉన్నారు, స్వయంగా పొయ్యి వెలిగించుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ నాన్న ఇంట్లో కూడా గరిటె పట్టుకుంటే కొడుకు పక్కన వచ్చి నిలబడతాడు. వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, నేను ఫరాతో మొదలుపెట్టమంటాను. ఇరుగుపొరుగు ఛత్తీస్‌గఢీ ఇళ్లలో చేసుకునే వంటకం ఇది. మిగిలిపోయిన అన్నం ఓ గిన్నెడు తీసుకుని చేత్తో మెత్తగా మెదపాలి. అందులో బియ్యప్పిండి, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ ముద్ద చెయ్యాలి. తర్వాత ఆ ముద్దలోంచి కొంచెం కొంచెం తీసి, అరచేతుల మధ్య రుద్ది, వేలంత పొడుగున, మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా చేసుకోవాలి. ఈ పనికి పిల్లల చేతులను మించినవి లేవు. ఒకడు పాములు చేస్తాడు, ఇంకొకతె చేపలు చేస్తుంది. చెయ్యనివ్వండి. ఇడ్లీ పాత్రలో పావుగంట ఆవిరి పట్టి, చల్లారాక నూనెలో ఆవాలు, నువ్వులు, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి దొర్లిస్తే అయిపోయింది. మన ఉండ్రాళ్లకి దగ్గరి చుట్టం. పక్కన టమాటా పచ్చడి ఉంటే చాలు. మూత తీసి ఆవిరి పైకి లేవగానే "నా చేప ఏదీ?" అని వెతుక్కుంటారు. వెతికి దొరికించుకున్నది వదిలిపెట్టరు, తింటారు.

ఇది నా ఒక్కరి నమ్మకం కాదు. స్విట్జర్లాండ్‌లో ఆరు నుంచి పదేళ్ల మధ్య 47 మంది పిల్లలతో చేసి, 2014లో వెలువరించిన ఒక అధ్యయనంలో, తల్లితోనో తండ్రితోనో కలిసి వండిన పిల్లలు, పెద్దలే వండి పెట్టినప్పటికంటే సలాడ్ చాలా ఎక్కువ తిన్నారు. కూరగాయల విషయంలో తంటాలు పడే మనకి ఇంతకంటే మంచి కబురు ఏముంది?

ఇంకోటి కూడా చెప్పాలి. ఇక్కడి వాళ్లు రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తినే బోరే బాసీకి 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, రాష్ట్ర ముఖ్యమంత్రి పిలుపుతో ఊరూరా గౌరవం దక్కింది. మన నానమ్మలు పెట్టిన చద్దన్నం అదే కదా! పిల్లాడి క్లాసులోని ఛత్తీస్‌గఢీ స్నేహితుడు తినేదీ, విజయనగరంలో అమ్మమ్మ తినేదీ ఒకటే అని చెప్పండి. అమ్మమ్మకి వీడియో కాల్ చేసి, ఆమె చెబుతుంటే పిల్లల చేత మజ్జిగ, ఉప్పు కలిపించండి. తెలుగు పలకడానికి సిగ్గుపడే పిల్లలు కూడా అమ్మమ్మ అడిగిన ప్రతిదానికీ తెలుగులో జవాబు చెబుతారు, ఎందుకంటే అక్కడ పని నడవాలి. భాష కోసం ప్రత్యేకంగా కూర్చోబెట్టి వేధించే కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

కలిసి కూర్చుని తినడం గురించి. పత్రికలు "రోజూ రాత్రి ఎనిమిదింటికి కుటుంబమంతా కలిసి భోంచెయ్యండి" అని రాస్తుంటాయి. లోకో పైలట్ ఇంట్లో అది సాధ్యమా? రాత్రి రెండింటికి కాల్ వస్తుంది, మధ్యాహ్నం ఎప్పుడో తిరిగొస్తారు. అందుకని దిగులు పడొద్దు. రాత్రి భోజనమే కానక్కర్లేదు. వారంలో నాన్న ఇంట్లో ఉండే పూట ఏదైతే అదే మీ పండగ భోజనం. అది ఉదయం పదింటి ఉప్మా అయినా సరే. డ్యూటీ చార్టు పక్కనే ఆ పూట గుర్తు పెట్టి, ఆ రోజు వంట ఏమిటో పిల్లల చేత రాయించండి.

ఆ పూట మొబైళ్లు వేరే గదిలో ఉండాలి, పెద్దవాళ్లవి ముందు. వడ్డన పిల్లలకివ్వండి. జపాన్ బడుల్లో మధ్యాహ్న భోజనం పిల్లలే వంతులవారీగా తెచ్చి తోటివాళ్లకి వడ్డిస్తారు. అక్కడ 2005లో ఆహార విద్య కోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. మన ఇంట్లో నలుగురికి వడ్డించడం ఏడేళ్ల పిల్లకి పెద్ద బాధ్యతగా అనిపిస్తుంది. తన కంచంలో ఎంత వడ్డించుకోవాలో కూడా తనకే వదిలెయ్యండి. కొత్త కూర ఉంటే చెంచాడే వడ్డించుకోమనండి, రుచి చూసి వద్దనుకుంటే పక్కన పెట్టనివ్వండి. బతిమాలొద్దు, పొగడొద్దు. "నువ్వు వలిచిన ఆకేగా ఇది" అంటే చాలు. మార్కులు, హోంవర్కు, పక్కింటి పిల్లతో పోలికలు ఆ అరగంట పాటు అస్సలు తేవొద్దు. తిండి దగ్గర తిట్లు తిన్న పిల్లలకి ఆ తిండి మీదే విరక్తి పుడుతుంది.

ఒక హెచ్చరిక కూడా. అందరి మొండితనమూ ఒకటి కాదు. బరువు పెరగకపోవడం, మింగేటప్పుడు పొలమారడం, నాలుగైదు పదార్థాలు తప్ప దేన్నీ ముట్టకపోవడం, రక్తహీనతతో మొహం పాలిపోవడం కనిపిస్తే ఇంట్లో చిట్కాలు వెతుక్కోకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. రోజంతా పాలు తాగి అన్నం మానేసే పిల్లల్లో ఇనుము తగ్గడం మామూలే. గ్లాసు మీద గ్లాసు ఇచ్చే అలవాటుంటే ముందు అది తగ్గించండి.

పని పెంచుకున్నట్టు ఉంటుంది, నిజమే. పిండి నేలమీద పడుతుంది, వంట అరగంట ఆలస్యమవుతుంది. ఉద్యోగం చేసే అమ్మకి వారం మధ్యలో అంత ఓపిక ఎక్కడుంటుంది? వద్దు, రోజూ వద్దు. వారానికి ఒక్క పూట చాలు. ఈ ఆదివారమే ఆ పూట అనుకోండి. కూర ఏదో పిల్లల్నే తేల్చమనండి, వండేటప్పుడు పక్కన నిలబెట్టుకోండి. ఉప్పు కాస్త ఎక్కువైతే మాట్లాడకుండా మజ్జిగ కలుపుకుని అందరూ తినండి.